మేనత్త పాట – పాల లెక్క

మా ఇంట్లో అటక మీద ఒక బిస్కట్ల డబ్బా ఉంది. అందులో నేను బిస్కట్లు చూసిన పాపాన పోలేదు. నా చిన్నప్పుడు దారపుండలూ బొత్తాలూ ఉండేవి. తరవాత కొన్నాళ్ళు కరెంటు బిల్లులు. 1979లో మా బాబయ్య సింగపూరు నుంచి టేప్ రికార్డరు పట్టుకొచ్చిన దగ్గర్నుంచీ అది కేసెట్ల డబ్బా అయింది. ఇప్పుడందులో మిగిలింది ఒకే ఒక్క కేసెట్టు. ఆ ఒక్కదాన్నీ కంప్యూటర్లో ఏ రూపంలో దాచాలా అని నేను మూడు నెలలు కొట్టుకుపోయాను. "అమ్మాయి సంబంధానికి కూడా మీరింత తిరగలేదు," అంది మా ఆవిడ. నిజమే. అల్లుడు సరైనవాడు కాకపోతే చెప్పడానికి అమ్మాయికి నోరుంది. కేసెట్టుకి లేదు.

అసలు సంగతి ముందు చెప్పాలి. మా మేనత్త పెళ్ళిపాటలకి పెట్టింది పేరు. 1979 వేసవిలో మా అక్క పెళ్ళికి నాలుగు రోజుల ముందు బాబయ్య ఆవిణ్ణి వసారాలో చాప మీద కూచోబెట్టి, టేప్ రికార్డరు ఎదురుగా పెట్టి, రెండు కేసెట్ల నిండా పాడించాడు. అలకపానుపు పాటలూ, అప్పగింతల పాటలూ, మంగళహారతులూ. మైకు రికార్డర్లోనే ఉండేది. దానికి పాట ఏదో, పాట కానిదేదో తెలియదు. అంచేత నూతి గిలక కిర్రుమనడం, ఎవరో చేటతో బియ్యం చెరగడం, కాకులు, పక్కింటి రేడియో అన్నీ ఎక్కాయి. మొదటి కేసెట్టులో ఒకచోట మేనత్త మంచి పట్టులో ఉండగా, వంటింట్లోంచి మా అమ్మ "పాలు పొంగుతున్నాయర్రా, ఎవరైనా చూడండీ" అని కేక వేస్తుంది. అప్పట్లో ఆ కేక విన్నప్పుడల్లా నవ్వుకునేవాళ్ళం. 1983లో అమ్మ పోయింది. ఆ తరవాత నవ్వలేదు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

2004లో ఊళ్ళో ఒక దుకాణంవాడు కేసెట్లని సీడీల్లోకి ఎక్కిస్తున్నాడని తెలిసి, మొదటి కేసెట్టు పట్టుకెళ్ళి ఇచ్చాను. వారం రోజుల్లో తళతళలాడే సీడీ చేతిలో పెట్టాడు. "పాతది ఏం చెయ్యమంటారు సార్?" అన్నాడు. "ఇంకెందుకయ్యా!" అన్నాను. ఆ రెండు మాటలూ ఎవరో అన్నట్టుగా రాయాలని ఉంది గాని, అన్నది నేనే.

ఇంటికొచ్చి విన్నాను. మేనత్త గొంతు కడిగిన ముత్యంలా ఉంది. రొద లేదు. గిలక లేదు. కాకులు లేవు. పాలు పొంగాల్సినచోట నీళ్ళలో ఎవరో మూలిగినట్టు ఓ గుళగుళ. అక్కడ అమ్మ ఉందని తెలిసిన నాకు అది అమ్మ. పిల్లలకి వినిపిస్తే "ఎక్కడ?" అన్నారు.

దుకాణంవాణ్ణి అనడానికి లేదు. వాడు రొద తీసేశాడు, అది మంచిపనే అనుకున్నాడు. తరవాత చాలా తక్కువ బిట్లలో ఎంపీత్రీ చేశాడు, అప్పట్లో అందరూ చేసిందే. ఎంపీత్రీ అన్నది నిజానికి గొప్ప తెలివి. జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి కష్టపడి తయారుచేశారు. 1993లో ప్రమాణంగా అచ్చయింది. మనిషి గొంతు చెడుతోందో లేదో చూడడానికి సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని వాయిద్యాలేవీ లేకుండా పాడిన పాటని మళ్ళీ మళ్ళీ కుదించి విన్నారట. దాని కిటుకు ఇది: పెళ్ళిలో డోలు మోగుతుంటే పక్కవాడి మాట మనకి వినపడదు కదా. వినపడని మాటని రాసుకోవడం దేనికి? తీసెయ్. పెద్ద ధ్వని నీడలో ఉన్న చిన్న ధ్వనిని తీసెయ్. అలా తీసుకుంటూపోతే పాట పదకొండో వంతుకి దిగివస్తుంది, మామూలు చెవికి తేడా తెలియదు. బిట్లు మరీ బిగిస్తే మాత్రం కత్తెర లోపలిదాకా పోతుంది. మేనత్త పాట డోలు. దాని నీడలో నిలబడింది మా అమ్మ.

అదీ నా గొడవ. అంచేత రెండో కేసెట్టు దగ్గరకొచ్చేసరికి మా మేనల్లుడు, ఆ 1979 పెళ్ళి తాలూకు రెండో సంతానం, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నవాడు, "ఈసారి లాస్‌లెస్‌లో పెట్టు మామయ్యా. కుదిస్తుంది, కానీ ఏదీ పోదు," అన్నప్పుడు నేను నమ్మలేదు. "ఒరే, వంకాయలు ఎండబెట్టి ఒరుగులు చేస్తాం. తగ్గుతాయి. నానబెడితే మళ్ళీ వంకాయలవుతాయట్రా?" అన్నాను. వాడు ఏవో లెక్కలు చెప్పాడు. బుర్రకెక్కలేదు. ఎక్కించింది మా ఇంటి కేలెండరు.

మాకు పాలు రోజుకి లీటరు. ఆ సంగతి కేలెండరు పైన ఒకసారి రాసి ఉంటుంది. చుట్టాలొచ్చి ఒక లీటరు ఎక్కువ పోయించుకున్న రోజున మా ఆవిడ ఆ గడిలో "+1" అని వేస్తుంది. పాలవాడు రాని రోజున సున్నా చుడుతుంది. మిగతా గడులన్నీ ఖాళీ. నెలాఖరుకి ముప్ఫై రోజుల లెక్కా చుక్క పోకుండా వస్తుంది. ముప్ఫైసార్లు "లీటరు, లీటరు" అని రాయలేదు. అనుకున్నదానికి తేడా వచ్చినప్పుడే రాసింది. నష్టం లేకుండా కుదించడమంటే ఇంతే.

ఇది మనవాళ్ళకి కొత్తకాదు. చిన్నప్పుడు అచ్చులు, హల్లులు అని వల్లె వేశాం కదా, ఆ మాటలే మూటలు. పాణిని అక్షరాలన్నిటినీ ఒక వరసలో పేర్చి మధ్యమధ్య గుర్తులు పెట్టాడు. 'అ' మొదలుకొని 'చ్' అనే గుర్తు దాకా ఉన్నవన్నీ 'అచ్'. 'హ' నుంచి చివరి 'ల్' దాకా 'హల్'. మూట విప్పితే ఒక్క అక్షరం తగ్గదు. సూత్రంలో అర మాత్ర మిగిల్చితే వ్యాకరణం పండితులకి కొడుకు పుట్టినంత సంబరమని ఊరికే అనలేదు. మోర్సు టెలిగ్రాఫులోనూ అదే బుద్ధి. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే 'ఈ' అక్షరానికి ఒకే ఒక్క చుక్క. అరుదైనవాటికి నాలుగేసి గుర్తులు. మన దేశంలో 2013 జులైలో తంతి సేవ ఆగిపోయేదాకా, పెళ్ళి శుభాకాంక్షలు పంపడానికి వాక్యం రాయకుండా దానికి కేటాయించిన నెంబరు రాస్తే సరిపోయేది కూడాను.

ఎంతవరకు కుదించవచ్చు అన్నదానికి హద్దు గీసినవాడు అమెరికాలో బెల్ లేబరేటరీస్‌లో పనిచేసిన క్లాడ్ షానన్, 1948లో. ఆయన మాటని నా భాషలో చెప్తే: ముందే ఊహించగలిగినదాన్ని రాయనక్కర్లేదు, ఊహకందనిది మాత్రం రాయక తప్పదు. 1951లో అచ్చయిన మరో వ్యాసం కోసం మనుషుల్ని కూచోబెట్టి, ఓ పుస్తకంలో తరవాతి అక్షరం ఏమిటో ఊహించమని అడిగి, ఎన్ని తప్పులు చేస్తున్నారో లెక్కపెట్టాడు. సరిగ్గా మా కేలెండరే.

అదే సంవత్సరం ఎమ్.ఐ.టి.లో రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు తన విద్యార్థులకి ఒక వెసులుబాటు ఇచ్చాడు. ఈ వ్యాసం రాసినవాడు ఆఖరి పరీక్ష రాయనక్కర్లేదు. ప్రశ్న: ఎక్కువసార్లు వచ్చేదానికి చిన్న గుర్తు, తక్కువసార్లు వచ్చేదానికి పెద్ద గుర్తు ఇచ్చే పద్ధతుల్లో అన్నిటికన్నా మంచిదేది? తనకీ షానన్‌కీ కూడా దానికి పూర్తి జవాబు దొరకలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. డేవిడ్ హఫ్‌మన్ అనే కుర్రాడు నెలల తరబడి కుస్తీపట్టి, ఇక లాభం లేదు, పరీక్షకే చదువుకుందామని కాగితాలు చెత్తబుట్టలో వెయ్యబోతుండగా జవాబు తట్టింది. 1952లో అచ్చయింది. పరీక్ష తప్పించుకోవడానికి చేసిన పనుల్లో ఇంత ఉపకారం చేసింది ఇంకొకటి నాకు తెలియదు.

తరవాత 1966లో సోలమన్ గోలోంబ్ ఇంకో చిన్న వ్యాసం రాశాడు. గణితం వ్యాసమే, కానీ మొదలు మాత్రం జూదశాలలో కూచున్న ఒక గూఢచారి కథతో. ఆ పద్ధతినే అంతరిక్ష నౌకలు పంపే అంకెల్ని కుదించడానికి జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో రాబర్ట్ రైస్ సులువుచేశాడు. చిన్న తేడాకి చిన్న గుర్తు, పెద్ద తేడాకి పెద్ద గుర్తు. ఇవాళ మా మేనత్త పాటని మోస్తున్నది రైస్‌గారి మూటే.

ఇదంతా అక్షరాలకీ అంకెలకీ సరే, పాటకెలా? పాట కూడా కంప్యూటర్లోకి అంకెలుగానే పోతుంది. 1982లో వచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. ఈ చిల్లర అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నాకు ఎన్నాళ్ళో సందేహం. ఆ రోజుల్లో అన్ని అంకెల్ని పట్టగలిగింది వీడియో టేపు ఒక్కటే. బొమ్మలో ఒక్కో గీతకి మూడేసి కొలతలు, వాడుకోగలిగిన గీతలు 245, సెకనుకి 60 సార్లు. గుణించండి. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 సార్లు. మళ్ళీ గుణించండి. రెండూ 44,100. మన చెవికోసం కాదు, టీవీ కోసం పుట్టిన అంకె!

ఇన్నిసార్లు కొలిచినప్పుడు పక్కపక్క కొలతలు దాదాపు ఒకేలా ఉంటాయి. వెనకటి నాలుగైదు చూసి తరవాతిది ఎంతో ఊహించవచ్చు. ఊహించి, తప్పిన మేరకే రాసుకోవాలి. మాటల ధ్వనిని ఇలా ఊహించే విద్యని పెంచినవాళ్ళలో జపానులో ఇటాకురా, సైటో ఉన్నారు. అమెరికాలో మన కాన్పూరులో పుట్టిన బిష్ణు అటల్ ఉన్నారు. అదంతా టెలిఫోన్ల కోసం.

ఆ ఊహనీ రైస్ మూటనీ జోడించి, పోయేదేమీ లేకుండా ధ్వనిని కుదించే 'షార్టెన్' అనే పద్ధతిని 1994లో కేంబ్రిడ్జిలో టోనీ రాబిన్సన్ ప్రకటించాడు. ఆయనకి పాటలతో పనిలేదు. కంప్యూటరుకి మనిషి మాట నేర్పడానికి రికార్డు చేసిన మాటలు గుట్టలుగా పడి ఉన్నాయి, వాటిని సర్దాలి, అంతే. కానీ దాన్ని ఎత్తుకుపోయింది పాటల పిచ్చివాళ్ళు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే పాటగాళ్ళ బృందం ఉండేది. తమ కచేరీలని శ్రోతలు రికార్డు చేసుకుంటే వాళ్ళు అడ్డుపెట్టేవారు కాదు సరికదా, 1984 నుంచి టేపులవాళ్ళకి హాల్లో ప్రత్యేకం చోటు కూడా ఇచ్చారు. ఆ టేపుకి నకలు, నకలుకి నకలు. ఇలా పదిచేతులు మారేసరికి పాటకన్నా రొద ఎక్కువయ్యేది. 1998లో ఈట్రీ అని ఒక బృందం ఏర్పడి, షార్టెన్‌లో పెట్టి ఇంటర్నెట్లో పంచుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళ నియమం ఒక్కటే: ఎంపీత్రీ మన పంక్తిలోకి రాకూడదు. పంక్తిభోజనాల పట్టింపు మనకే ఉందనుకున్నాను!

సరే, నా ఎంపిక సంగతికొస్తాను. బరిలో చాలామందే ఉన్నారు. మంకీస్ ఆడియో, 2000లో వచ్చింది. అందరికన్నా కాస్త గట్టిగా నొక్కుతుంది. కానీ మూట కట్టడానికి ఎంత ఆయాసమో, విప్పడానికీ అంతే ఆయాసం. వినేవాడు ప్రతిసారీ ఆ కూలి ఇచ్చుకోవాలి. నూటికి మూడో నాలుగో మిగుల్చుకోవడానికి అదెందుకు? వేవ్‌ప్యాక్, 1998 నాటిది, చాలా మంచిది, చుట్టాలే తక్కువ. ఆపిల్ కంపెనీ తన లాస్‌లెస్‌ని 2004లో తెచ్చి, 2011 దాకా తాళంచెవి తనదగ్గరే పెట్టుకుంది. తాళం తీశారు సరే, ఏడేళ్ళు తీయలేదన్నది నేను మరిచిపోలేను. అసలు కుదించడమే మానేసి వేవ్ ఫైలుగానే ఉంచుకోవచ్చు. కానీ నడుమ ఒక బిట్టు చెడితే చెడిందని చెప్పే దిక్కు అందులో లేదు.

ఆఖరికి ఫ్లాక్ దగ్గర ఆగాను. జాష్ కోల్సన్ అనే ఆయన 2000లో మొదలుపెట్టి, 2001 జులై 20న మొదటి పూర్తిరూపం విడుదల చేశాడు. మూటకట్టడానికి ఎంత కష్టపడమంటే అంత కష్టపడుతుంది, విప్పడం మాత్రం ఎప్పుడూ తేలికే. ఎవరికీ రుసుం కట్టక్కర్లేదు. ఎలా కట్టారో, ఎలా విప్పాలో బహిరంగంగా ఉంది. 2024 డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ దాన్ని 9639 నెంబరు పత్రంగా ప్రకటించింది. ఫ్లాక్ ఆడించే పెట్టెలన్నీ రేపు మాయమైపోయినా, ఆ పత్రం చదివిన కుర్రాడెవడో మళ్ళీ పెట్టె చేసుకోగలడు. ఇది నాకు చాలా నచ్చింది.

ఇంకోటి మరీ నచ్చింది. ఫ్లాక్ మూట కట్టేముందు అసలు అంకెలన్నిటినీ కలిపి, ఎమ్‌డీ5 అనే లెక్కతో 16 బైట్ల ముద్ర తీసి మూట నెత్తిన వేస్తుంది. ఎప్పుడైనా విప్పి మళ్ళీ ముద్ర తీస్తే రెండూ కలవాలి. ఒక్క అంకె మారినా కలవదు. మా తాతగారి తమ్ముడు ఘనపాఠీ. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్ళీ ఒకటి-రెండు-మూడు అని మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ చెప్పేవారు. చిన్నప్పుడు ఇదేం చాదస్తం అనుకునేవాణ్ణి. రాత లేనిచోట ఒక్క స్వరం జారినా పట్టుబడాలని పెట్టిన ముద్ర అది. పాణినిగారు కుదించారు, ఘనపాఠులు పెంచారు. ఫ్లాక్ ఆ రెండు పనులూ చేస్తుంది.

ఎంపిక అయిపోయింది కదా అనుకున్నాను. అసలు నష్టం మూట కట్టకముందే జరుగుతుందని అప్పుడు తెలిసింది. టేపు మీదనుంచి యంత్రం ఎత్తుకోలేనిదాన్ని ఏ ఫ్లాకూ తేలేదు. స్నేహితుడి దగ్గర మంచి డెక్కు అరువు తెచ్చాను. హెడ్డుని స్పిరిట్‌తో తుడిచాను. టేపుని ఆ చివరనుంచి ఈ చివరికి ఒకసారి తిప్పి పెట్టాను. హెడ్డు పక్కన ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో పిసరంత తిప్పితే చాలు, హెడ్డు వాలు మారుతుంది. బాబయ్య రికార్డరు ఏ వాలులో రాసిందో ఆ వాలు దొరికేదాకా తిప్పాను. దొరికిన క్షణం చెప్పక్కర్లేదు. మేనత్త పలికే 'స', 'ష'లు తలుపు తీసినట్టు బయటికొచ్చాయి. ఆ మర తిప్పకుండా మూడు నెలలు ఫైళ్ళ గురించి పోట్లాడుకున్నందుకు సిగ్గేసింది.

ధ్వని భాండాగారాలవాళ్ళ అంతర్జాతీయ సంఘం, కనీసం సెకనుకి 48,000 కొలతలు, ఒక్కో కొలతకి 24 బిట్లు ఉండాలంటుంది. అలాగే చేశాను. ఒక పక్క అరగంట పాట 518 మెగాబైట్లు వచ్చింది. ఫ్లాక్ చేస్తే 352.

"సగానికి రావాలి కదరా?" అన్నాను మేనల్లుడితో.

"రొద మామయ్యా. టేపు సుయ్యిమనడం ఉంది చూశావా, దాన్ని ఊహించడం ఎవరి తరమూ కాదు. పాట తేలిగ్గానే కుదిరింది. ఈ చోటంతా రొదే తింటోంది. కావాలంటే రొద తగ్గించి..."

"వద్దు."

వాడు మారు మాట్లాడలేదు. రోజుకో రకంగా పాలు పోయించుకునే ఇంటికి కేలెండర్లో అన్ని గడులూ నింపాల్సిందే. షానన్‌గారి హద్దు నా పుట్టినింటి వసారాలోకీ వచ్చింది. ఊహకందనిది రాయక తప్పదు.

ఆ రెండో కేసెట్టులో అమ్మ కేక లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయితే రెండో పక్క ఆఖరి మంగళహారతి అయిపోయాక, బాబయ్య బటన్ నొక్కడానికి ఆలస్యం చేసినట్టున్నాడు, పదకొండు సెకన్లు మిగిలాయి. గిలక రెండుసార్లు కిర్రుమంటుంది. చేట ఆగుతుంది. దూరంగా ఎవరో ఆడమనిషి నవ్వుతుంది. ఠక్కున ఆగిపోతుంది.

"పాట లేదుగా మామయ్యా, ఇక్కడ కోసేద్దామా?" అన్నాడు మేనల్లుడు, మామూలుగా అందరూ అడిగినట్టే. నేనేమీ అనకుండా ఆ ముక్క మళ్ళీ పెట్టాను. వాడు తన అమ్మమ్మని చూడలేదు. రెండోసారి విన్నాక మౌస్ మీదనుంచి చెయ్యి తీసేశాడు.

ఫైలు అక్కకి పంపాను. "అమ్మేరా," అని ఫోన్లో ఏడ్చింది. బాబయ్యకి పంపాను. ఆయనకిప్పుడు 86 ఏళ్ళు, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. "మీ అమ్మ కాదురా, మా అక్కయ్య. పాట అయిపోగానే అలాగే నవ్వేది," అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. ఆయన దిగిరాలేదు. నెల రోజులై ఇద్దరూ పొద్దున కాఫీ తాగి ఒకసారి, రాత్రి పడుకోబోయేముందు ఒకసారి ఆ పదకొండు సెకన్లూ వింటున్నారు.